కొత్త సైకిలిస్టుకు బండ్ల బాట

మౌంటెన్ బైక్ అన్న పేరులోనే కొండ ఉంది కాబట్టి కొత్తగా కొన్నవారి చూపు ముందు గుట్టల మీదికే పోతుంది. 1970లలో కాలిఫోర్నియాలోని టమాల్పాయిస్ కొండ మట్టిదారుల్లో కుర్రకారు పాత సైకిళ్ళను వేగంగా కిందికి తోలిన సరదాలోంచే ఈ సైకిలు పుట్టిన మాట నిజం. అయితే నేర్చుకునేవారికి కావలసింది కొండ కాదు, వాలు తక్కువగా, వెడల్పుగా, గట్టిగా ఉండే మట్టిదారి. తెలుగు పల్లెల్లో అలాంటి దారిని సైకిలు కోసం ఎవరూ వేయలేదు. ఎద్దుబండి కోసమూ నీటి కోసమూ వేసినవి మాత్రం చాలా ఊళ్ళలో ఉన్నాయి.

నిండు బండిని నిటారు గట్టు ఎక్కించడం ఎడ్ల వల్ల కాదు. దిగేటప్పుడు బరువంతా కాడి మీదికి తోసుకొస్తుంది. అందుకే బండ్ల బాట గుట్టను చుట్టిపోతుంది, వాగును ఒడ్డు పల్లంగా ఉన్నచోట దాటుతుంది. అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ సంఘం సులువైన దారులకు ఆకుపచ్చ గుర్తు ఇస్తుంది. ఆ గుర్తుకు సగటు వాలు 5 శాతం దాటకూడదు, అంటే కిలోమీటరుకు 50 మీటర్ల ఎత్తు. వెడల్పు కనీసం 3 అడుగులు ఉండాలి. తప్పించుకోలేని రాయో వేరో అడ్డం వస్తే దాని ఎత్తు 2 అంగుళాలకు మించకూడదు. ఏ కొలతా ఎరుగని బండివాళ్ళు ఎంచుకున్న దారుల్లో చాలావరకు ఈ లెక్కకు సరిపోతాయి. కృష్ణా, గుంటూరు వైపు వీటిని డొంక అంటారు, గోదావరి జిల్లాల్లో పుంత, తెలంగాణలో బండ్ల బాట. ఆ ఊరి మాటతో అడిగితే ఆ ఊరివాళ్ళు సరైన దారే చూపిస్తారు.

నీటి దారులు ఇంకా సులువు. చెరువు కట్ట పైభాగం దాదాపు మట్టంగానే ఉంటుంది, లేకపోతే పల్లంగా ఉన్నచోట నీరు పొర్లిపోతుంది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో చాలా చెరువుల కట్టలను బలపరిచి, తుప్పలు కొట్టించారు. కట్ట చివర మత్తడి దగ్గర మాత్రం దారి తెగుతుంది. నీరు దూకుతుంటే పాచి పట్టిన ఆ రాళ్ళ మీద సైకిలును చేత్తో నడిపించుకుంటూ కూడా దాటకూడదు. గోదావరి డెల్టాలో కాలువ గట్లకు వేరే చరిత్ర ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువల్లో సరుకుల పడవలు నడిచాయి. గట్టు మీద నడుస్తూ మనుషులు వాటిని తాళ్ళతో లాగేవారు. ప్రధాన కాలువల గట్లు చాలాచోట్ల తారురోడ్లయిపోయాయి. వెతకాల్సింది పిల్ల కాలువల గట్లను, లేదా రోడ్డు పడని అవతలి గట్టును.

ఇంటి దగ్గర కూర్చుని చేసే వెతుకులాటకు సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాలు పనికొస్తాయి. వీటిలో 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. బండి బాటకు, కాలిబాటకు వేరువేరు గుర్తులుంటాయి. గోధుమరంగు ఎత్తుగీతలు దారిని ఎంత దూరానికి ఒకటి చొప్పున కోస్తున్నాయో చూస్తే వాలు తెలిసిపోతుంది. గీతకు గీతకు 20 మీటర్ల ఎత్తు తేడా ఉన్న పటంలో, దారి వెంట వాటి మధ్య దూరం 8 మిల్లీమీటర్లు ఉంటే వాలు సరిగ్గా 5 శాతం. అంతకంటే దగ్గరపడితే ఆ దారి ఇప్పట్లో వద్దు. ఇరవై మీటర్ల లోపు గండ్లు, గోతులు ఈ గీతల్లో కనబడవు కాబట్టి ఉపగ్రహ చిత్రం కూడా చూసుకోవాలి. దానితో ఒక చిక్కుంది. ఎండాకాలంలో తీసిన చిత్రంలో చక్కగా కనిపించిన దారి అక్టోబరుకల్లా చెరువు అడుగున ఉండవచ్చు.

పటం చెప్పనిది నేల సంగతి. ఎర్ర చల్క నేల, మొరం నేల వాన వెలిసిన కొద్దిసేపటికే గట్టిపడతాయి. నల్లరేగడి అలా కాదు. తడిస్తే చక్రానికీ ఫ్రేముకూ మధ్య ముద్దలుగా పట్టుకుని సైకిలును కదలనివ్వదు. ఎండితే నెర్రెలు విచ్చుతుంది, సన్నటి చక్రం అందులో దిగబడుతుంది. వాగు ఇసుకలో అనుభవం ఉన్నవారే తడబడతారు. అన్ని లెక్కలూ చూస్తే కొత్తవారికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వరికోతల తర్వాత కట్టల మీద, బాటల మీద వడ్లు ఆరబోస్తారు. ధాన్యం మీద చక్రం పోనివ్వడం తగదు, దిగి పక్కనుంచి నడవాలి.

ముళ్ళను తేలిగ్గా తీసుకోకూడదు. పల్లేరుకాయ ఎటు దొర్లినా ఒక ముల్లు పైకే నిలబడుతుంది. సర్కారు తుమ్మ కొట్టి కంచె వేసిన పొలాల పక్క దారి నిండా ముళ్ళే. పంక్చరు సామాను, అదనపు ట్యూబు, గాలిపంపు లేకుండా బయలుదేరితే సైకిలును మోసుకురావడమే.

చివరికి దారి బాగోగులు చెప్పేది పొలం దగ్గరి మనిషి. ‘ఎంత దూరం?’ అని అడిగితే నాలుగు మైళ్ళయినా ‘ఇక్కడికే’ అనడం పల్లె మర్యాద. ‘దీంట్లో ఏ బండి పోతుంది?’ అని అడగడమే ఉపయోగం. ట్రాక్టరు పోతుందంటే వెడల్పు ఉన్నట్టే గానీ, లోతైన చక్రాల గాళ్ళు కూడా ఉంటాయి. పాలవాడి మోపెడ్ రోజూ పోతుందంటే కొత్తవారి సైకిలుకు ఢోకా లేదు. ఆ దారి ఎవరి పొలంలోంచి పోతుందో కూడా అప్పుడే అడగాలి. నక్షాలో ఉన్న బాట ఊరందరిదీ. రైతు తన గట్టు మీద వేసుకున్నది అతని సొంతం, దానికి అతని మాట కావాలి.

అడవి అంచున నియమం వేరు. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా పోవడం నేరం. నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాల్లో మట్టిదారి ఎంత నున్నగా కనిపించినా అది సైకిలు కోసం కాదు. అటవీశాఖ హద్దురాళ్ళు కనబడగానే వెనక్కి తిరగాలి.

మట్టిదారిలో తారురోడ్డు వేగంలో సగం వస్తే గొప్పే. అందువల్ల మొదటిసారికి రానూపోనూ 10 నుంచి 15 కిలోమీటర్లు చాలు. చుట్టు తిరిగి వచ్చే దారి కన్నా వెళ్ళిన దారినే తిరిగివచ్చేది మేలు, ఎక్కడ ఇసుక ఉందో, ఎక్కడ కుక్కలున్నాయో అప్పటికే తెలిసి ఉంటుంది. ఎదురుగాలి ఉన్న వైపు ముందు తొక్కితే, అలసిన కాళ్ళకు తిరుగుప్రయాణంలో గాలి తోడొస్తుంది. మందల వెంట ఉండే కుక్కలు ఎదురైతే వేగం పెంచకుండా దిగి, సైకిలును తమకూ వాటికీ మధ్య ఉంచుకుని నడిస్తే ఎక్కువసార్లు వదిలేస్తాయి. ఒక వాన కాలం గడిచాక అదే దారిని మళ్ళీ కొత్తదారిలాగే చూసుకోవాలి. గండి పడి ఉండవచ్చు, పక్క రైతు దున్నుకుని ఉండవచ్చు, తారు కూడా పడి ఉండవచ్చు.