విశ్రాంతి ఎరుగని కండ

కోస్తా జిల్లాల్లో వేటమాంసం అంటే మేకమాంసమే. నేను చెప్పబోయేది నిజంగా వేటాడి తెచ్చిన మాంసం సంగతి, అందులోనూ గుండెకాయ సంగతి. మన దేశంలో జింకను వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అమెరికాలోని విస్కాన్సిన్‌లో మాత్రం ఏటా నవంబరులో, థాంక్స్‌గివింగ్‌కు ముందరి శనివారం నుంచి 9 రోజులు తుపాకి వేటకు అనుమతి ఉంటుంది. తెల్లతోక జింకను కొట్టినవాళ్లు తొడలను, వీపు మాంసాన్ని చలిలో వేలాడదీసి మగ్గబెడతారు. గుండెకాయను మాత్రం ఆ రాత్రే పెనం మీద వేసుకోవడం అక్కడి వేటగాళ్ల పాత ఆనవాయితీ.

మటన్ కొట్టులో గుండెకాయను కార్జం, తిల్లి, బోటీలతో కలిపి తూచేస్తారు గానీ, దాని తీరు వేరు. కొన్నిచోట్ల అడవి జంతువుల కార్జంలో, మూత్రపిండాల్లో కాడ్మియం పేరుకుంటుందని, వాటిని తినొద్దని హెచ్చరిస్తారు. గుండెకాయ మాత్రం అచ్చమైన కండ. పుట్టక ముందే మొదలుపెట్టిన పనిని చివరిక్షణం దాకా ఆపదు. అందుకే దాని కణంలో దాదాపు మూడోవంతు చోటు శక్తినిచ్చే మైటోకాండ్రియాలదే. ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ కూడా దండిగా ఉంటుంది. ఆ ముదురు ఎరుపు, నాలుకకు తగిలే ఇనుప రుచి అక్కడివే.

నిలువుగా కోసి చూడండి. ఎడమ జఠరిక గోడ బొటనవేలంత మందం, కుడిది పలచన. లోపల కవాటాల నుంచి తెల్లటి దారాలు గాలిపటం సూత్రాల్లా కిందికి దిగి ఉంటాయి. ఎంత ఉడికించినా పంటికి సాగేవి అవే, కత్తెరతో తీసేయాలి. పైఅంచున కట్టిన తెల్లకొవ్వునూ వదలకుండా గీకేయాలి. జింక కొవ్వు కాస్త చల్లారితే చాలు, మైనంలా అంగిలికి అంటుకుంటుంది. గదుల్లో గడ్డకట్టిన నెత్తురును ఉప్పునీళ్లలో నానబెట్టి కడిగితే, మిగిలేది పీచు కనబడని నున్నటి మాంసం. గుండె కణాలు పొట్టివి, కొమ్మలు వేసి ఒకదానితో ఒకటి అల్లుకున్నవి. పైగా పొరలు సుడి తిరిగి ఉంటాయి. తొడమాంసంలోలా పొడుగాటి నారలు ఉండవు కాబట్టే కొరికితే బిగువుగా, నున్నగా తెగుతుంది.

వేడి 60 డిగ్రీలు దాటేకొద్దీ కండ ముడుచుకుని నీరు వదిలేస్తుంది. అందుకే వేటగాళ్లలో చాలామంది లోపల గులాబి రంగు ఉండగానే దించేస్తారు. నాకు అది నచ్చదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి తిత్తులు కట్టుకుని దాక్కునే చోట్లలో గుండె కండరం ఒకటి. గర్భిణుల విషయంలో అది కడుపులోని బిడ్డకే ముప్పు. అమెరికా వ్యవసాయశాఖ చెప్పే 71 డిగ్రీలు లోపలిదాకా చేరాల్సిందే. పలచటి ముక్కలు కోసి, అల్లంవెల్లుల్లి పట్టించి, పెద్దమంట మీద మన వేపుడులా చేస్తే ఆ వేడికీ ఎండిపోదు. తూటా దూసుకెళ్లిన గుండెను వండకపోవడమే మేలు. సీసపు తూటా పగిలి, కంటికి కనబడని రేణువులు గాయానికి చాలా దూరం చిందుతాయి.

మంటకు లొంగనిది ఇంకొకటి ఉంది. 1967లో కొలరాడోలో జింకలు చిక్కి శల్యమై చనిపోవడం గమనించారు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని దానికి పేరు. కారణం సూక్ష్మజీవి కాదు, మడత తప్పిన ప్రియాన్ అనే ప్రోటీను. 2002లో విస్కాన్సిన్‌లోనూ బయటపడింది. జబ్బు జింకల గుండె కండరంలోనూ ఆ ప్రోటీను కనబడింది. మనుషులకు సోకినట్టు రుజువు లేదు గానీ, వండితే నశించేది కాదు కనుక, జబ్బు తేలిన జింకను తినొద్దని అక్కడి ఆరోగ్యశాఖలు చెబుతున్నాయి. పరీక్షకు గొంతు దగ్గరి శోషరస గ్రంథులు కావాలి, ఫలితానికి రోజులు పడతాయి. జబ్బు ఉన్న ప్రాంతాల్లో ఆ రాత్రి పెనం ఎక్కాల్సిన గుండెకాయ ఇప్పుడు పరీక్ష నంబరు రాసిన సంచిలో, ఫ్రీజర్లో ఎదురుచూస్తోంది.