ఊరి పేరు - ఊరి గుర్తు

నల్గొండ జిల్లాలో ఒక తల్లి తన కూతురికి సకినాలు పంపాలనుకుంది అనుకుందాం. అట్టపెట్టెలో సర్దింది. పైన గట్టిగా కాగితం చుట్టింది. చిరునామా తానే రాసింది. రాయడం ఈ మధ్యనే నేర్చుకుంది. అందుకే ఒక్కో అక్షరం దిద్ది దిద్ది రాసింది. పెట్టె తీసుకుపోయి పోస్టాఫీసులో బల్ల మీద పెట్టింది.

"పిన్ నంబరు రాయలేదేందమ్మా?" అని అడిగాడు అక్కడి ఉద్యోగి.

"ఊరి పేరు రాసిన గద సారూ."

"ఇది మహబూబాబాదా, మహబూబ్‌నగరా? చెయ్యి తడి తగిలి సగం అక్షరాలు అలికినయి."

ఆయన అడగడంలో తప్పు లేదు. రెండూ తెలంగాణలోని పట్టణాలే. పేర్లు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి. కాని ఊళ్ళు మాత్రం దగ్గర కావు. మహబూబ్‌నగర్ హైదరాబాదుకు దక్షిణాన ఉంది. హైదరాబాదు నుంచి రైలులో పోతే మహబూబాబాద్ వరంగల్ దాటినాక వస్తుంది. పెట్టె ఒక ఊరికి బదులు ఇంకో ఊరికి పోతే, తిరిగి రావడానికి రోజులు పడుతుంది. సకినాలంటే నిలవ ఉంటాయి, పోనీ. అదే బ్యాంకు కార్డో, ఉద్యోగానికి రమ్మనే కాగితమో అయితే?

మహబూబ్‌నగర్ పిన్ 509001. మహబూబాబాద్ పిన్ 506101. అక్షరాలు అలికినా అంకెలు ఉంటే తికమక ఉండదు.

పిన్ అంటే పోస్టల్ ఇండెక్స్ నంబర్. 1972 ఆగస్టు 15న మన దేశంలో ఇది మొదలైంది. శ్రీరామ్ భికాజీ వేలంకర్ అనే అధికారి దీన్ని తయారు చేశాడు. ఆయన సంస్కృత కవి కూడా. మాటలతో పని చేసే కవి, మాటలు చాలవని అంకెలు తెచ్చాడు! నిజంగానే చాలవు. మన దేశంలో ఎన్నో భాషలు, ఎన్నో లిపులు. తెలుగులో రాసిన చిరునామాను పంజాబ్‌లో చదివేదెవరు? పైగా ఒకే పేరున్న ఊళ్ళు ఎన్నో. కొత్తపల్లి, రామాపురం, వెంకటాపురం... ఈ పేర్లున్న ఊళ్ళు మన దగ్గర లెక్కలేనన్ని.

పిన్‌లో ఆరు అంకెలు ఉంటాయి. అవి ఊరికే వేసినవి కావు. 506101 చూడండి. మొదటి అంకె 5. అంటే ఉత్తరం తెలంగాణకో, ఆంధ్రప్రదేశ్‌కో, కర్ణాటకకో పోవాలి. మొదటి రెండు అంకెలు కలిపి చూస్తే 50. ఇది తెలంగాణ. 51, 52, 53 అయితే ఆంధ్రప్రదేశ్. మొదటి మూడు అంకెలు 506. ఇది వరంగల్ వైపు. ఆ వైపు ఉత్తరాలన్నీ ఒక సంచిలో పడతాయి. చివరి మూడు అంకెలు, అంటే 101, ఉత్తరం ఏ పోస్టాఫీసు నుంచి ఇంటికి చేరాలో చెబుతాయి. సైన్యంలో ఉన్నవారి ఉత్తరాలకు మొదటి అంకె 9.

ఇక్కడ ఒక తమాషా ఉంది. యానాం పుదుచ్చేరికి చెందిన ఊరు. పుదుచ్చేరి పిన్ 6తో మొదలవుతుంది. యానాం పిన్ మాత్రం 533464. ఎందుకు? యానాం చుట్టూ ఉన్నది గోదావరి జిల్లాల నేల. ఉత్తరాల సంచి అక్కడి నుంచే పోవాలి. ఊరిని ఎవరు పాలిస్తున్నారో పిన్‌కు అక్కరలేదు. సంచి ఏ దారిన పోవాలో అదే కావాలి.

దేశంలో పిన్ నంబర్లు సుమారు 19 వేలు. పోస్టాఫీసులు లక్షన్నరకు పైనే. కాబట్టి చాలా పల్లెలకు కలిపి ఒకే పిన్ ఉంటుంది. పిన్ రాశాం కదా అని ఊరి పేరు, మండలం పేరు మానకూడదు.

ఇంకో మాట. ఏటీఎం కార్డుకు కూడా పిన్ ఉంటుంది. అది వేరు, ఇది వేరు. ఊరి పిన్ ఊరందరిదీ. ఎవరికైనా చెప్పవచ్చు. కార్డు పిన్ మీ ఒక్కరిదే. ఎవరికీ చెప్పకూడదు. ఫోన్‌కు వచ్చే ఓటీపీ కూడా అంతే. ఓటీపీకి కూడా చాలాసార్లు ఆరు అంకెలే ఉంటాయి. ఎవరైనా ఫోన్ చేసి "ఆరంకెల నంబరు చెప్పమ్మా" అంటే, ఊరి పిన్ అడుగుతున్నారేమో అనుకుని ఓటీపీ చదివి వినిపించకండి. ఖాతాలో డబ్బు పోతుంది.

రైల్వేవాళ్ళకు అంకెలు కాదు, ఇంగ్లీషు అక్షరాలు గుర్తు. సికింద్రాబాద్‌కు ఎస్.సి. కాచిగూడకు కె.సి.జి. నాంపల్లి స్టేషన్‌కు హెచ్.వై.బి. చర్లపల్లికి సి.హెచ్.జెడ్. టికెట్ మీద స్టేషన్ పేరు పక్కన ఈ అక్షరాలు ఉంటాయి. "హైదరాబాద్‌లో రైలు ఎక్కాలి" అనుకుంటే చాలదు. ఏ స్టేషన్‌లో? పిల్లలతో, మూటలతో సికింద్రాబాద్‌లో కూర్చుంటే, కాచిగూడ రైలు కాచిగూడ నుంచే వెళ్ళిపోతుంది. టికెట్ డబ్బు పోయినట్టే.

పేరు మారినా గుర్తు మారని స్టేషన్లూ ఉన్నాయి. విజయవాడ గుర్తు బి.జెడ్.ఎ. ఇది పాత పేరు బెజవాడ నుంచి వచ్చింది. చెన్నై సెంట్రల్ గుర్తు ఎం.ఎ.ఎస్. అది మద్రాసు అన్న పేరులోది. అలహాబాద్‌కు మాత్రం 2020లో పేరుతోపాటు గుర్తూ మారింది. ఎ.ఎల్.డి. పోయి పి.ఆర్.వై.జె. వచ్చింది. ప్రయాగ్‌రాజ్ అన్నమాట.

మళ్ళీ పోస్టాఫీసుకు వద్దాం. "బిడ్డ ఊరి పిన్ నాకు తెల్వదు సారూ" అన్నది ఆ తల్లి. ఉద్యోగి తన ఫోన్ తీశాడు. ఊరి పేరు మొదలుపెట్టగానే కింద పట్టీ పడింది. మహబూబాబాద్ ఉంది, మహబూబ్‌నగర్ కూడా ఉంది.

ఈ పట్టీ ఫోన్‌లో ఉండదు. ఎక్కడో ఒక పెద్ద కంప్యూటర్‌లో ఉంటుంది. రేషన్ డీలరు దగ్గర కార్డుల పట్టీ ఉన్నట్టే. ఫోన్ ఆ కంప్యూటర్‌ను "ఈ అక్షరాలతో మొదలయ్యే ఊళ్ళేవి?" అని అడుగుతుంది. అది జవాబు పంపుతుంది. ఒక యంత్రం అడిగి ఇంకో యంత్రం జవాబు ఇచ్చే ఈ కిటికీని ఎ.పి.ఐ. అంటారు. స్టేషన్‌లో విచారణ కిటికీ ఉంటుంది కదా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ రెండువైపులా మనుషులుండరు.

ఇలాంటి పట్టీలు బస్సు టికెట్లకూ ఉంటాయి, సరుకులు తెప్పించుకునేందుకూ ఉంటాయి. చాలా పట్టీల్లో ఊరి పేరు రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి మనం చదివే పేరు. రెండోది యంత్రం కోసం పెట్టిన పేరు. దీన్ని స్లగ్ అంటారు. పత్రికాఫీసులో ఒక్కో వార్తకు పొట్టి పేరు పెట్టి పిలుస్తారు. దాన్నే స్లగ్ అనేవారు. ఆ మాట కంప్యూటర్‌కు వచ్చింది. స్లగ్‌లో అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలే. మాటల మధ్య ఖాళీ ఉండదు. న్యూ ఢిల్లీ అనాలంటే మధ్యలో చిన్న అడ్డగీత పెట్టి న్యూ-ఢిల్లీ అని కలుపుతారు.

ఎందుకింత తంటా? ఒకరు విశాఖపట్నం అంటారు, ఒకరు విశాఖ అంటారు, ఇంకొకరు వైజాగ్ అంటారు. మూడూ ఒకటేనని మనకు తెలుసు. యంత్రానికి ఎవరూ చెప్పకపోతే తెలియదు. మూడు పేర్లంటే దానికి మూడు ఊళ్ళే. అందుకని ఊరికి ఒకే స్లగ్ పెడతారు. మనం ఏ పేరుతో అడిగినా లోపల ఆ స్లగ్ దగ్గరికే పోతుంది. ఇంగ్లీషులో ఊరి పేరు రాయడం రాకపోయినా భయం లేదు. పట్టీలోంచి వేలితో ఎంచుకుంటే చాలు. కాని వేలు పెట్టే ముందు, పక్కన జిల్లా పేరు ఉంటే అది చదవాలి. పట్టీ చూపించగలదు కాని, మన బిడ్డ ఏ ఊళ్ళో ఉందో దానికి తెలియదు.

"మీ బిడ్డ ఇంటికి పోవాల్నంటే యాడ రైలు దిగుతరమ్మా?" అని అడిగాడు ఉద్యోగి.

"వరంగల్ దాటినంక దిగుతం."

ఆయన ఫోన్ ఆమె వైపు తిప్పాడు. ఆమె పట్టీని కూడబలుక్కుని చదివింది. మహబూబాబాద్ మీద వేలు పెట్టింది. అంకెలు వచ్చాయి. పెన్ను అడిగి తీసుకుంది. అలికిన అక్షరాల కింద, కాస్త పెద్దగా, 506101 అని రాసింది.