వంటిల్లు మారాలి... అప్పు కాకూడదు!

అంచులు విరిగిన గట్టు, తేమకి ఉబ్బిపోయిన అలమర తలుపులు, మిక్సీ వేయాలంటే ఫ్రిజ్ ప్లగ్గు పీకాల్సిన అవస్థ... 'ఈసారి బోనస్ రాగానే వంటిల్లు బాగుచేయిద్దాం' అని ఏళ్ల తరబడి అనుకుంటూనే ఉంటాం. తీరా డబ్బు చేతికొచ్చాక ఏది ముందో ఏది తరవాతో తేలక, పని సగంలో ఉండగానే పర్సు ఖాళీ అయిపోతుంది. కొద్దిపాటి డబ్బుతో వంటింటిని మార్చుకోవాలంటే ముందు తేల్చుకోవాల్సింది పనుల వరస!

వంటింటి పని అనగానే చాలామంది ముందు షోరూంకి వెళ్తారు. అద్దంలా మెరిసే తలుపులూ వేలితో తోస్తే చప్పుడు లేకుండా మూసుకునే సొరుగులూ చూశాక మన వంటిల్లు మరీ పాతగా కనిపిస్తుంది. అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేస్తాం. పని పూర్తయ్యేసరికి అలమరలు కొత్తవే... వాటి వెనక గోడలో కారే పైపు మాత్రం పాతదే! కొన్నాళ్లకి ఆ తేమే కొత్త చెక్కని తినేస్తుంది. అప్పుడు పైపు బాగుచేయాలంటే అలమర విప్పాలి, టైల్సు పగలగొట్టాలి. ఒక్క పనికి రెండుసార్లు ఖర్చన్నమాట.

అందుకే ఈ చిన్న సూత్రం గుర్తుపెట్టుకోవాలి. కనిపించనిది ముందు, చేతికి తగిలేది తరవాత, మెరిసేది చివర. గోడల్లోని పైపులూ వైర్లూ మొదటి వరస. గట్టు, సింకు, అరలు రెండోది. తలుపుల రంగులూ అలంకార దీపాలూ మూడోది. మొదటి రెండూ పూర్తయ్యాక డబ్బు అయిపోయినా ఫర్వాలేదు. ఆ వంటింట్లో హాయిగా వండుకోవచ్చు. మెరుపుని వచ్చే దసరాకి వాయిదా వేసుకోవచ్చు.

వారం రోజులు... ఓ నోటుబుక్కు

మేస్త్రీని పిలిచేముందు వంటింట్లో ఓ నోటుబుక్కూ పెన్నూ పెట్టండి. వండేది అమ్మయినా నాన్నయినా వారంపాటు ఇబ్బందులన్నీ అందులో రాయాలి. వేడి మూకుడు దింపితే పెట్టడానికి చోటుందా? పప్పు డబ్బా కోసం రోజుకి ఎన్నిసార్లు వంగుతున్నారు? కూరగాయలు తరిగేచోట మన నీడే పడుతోందా? వారం తిరిగేసరికి ఏది అవసరమో ఏది సరదానో తేలిపోతుంది.

అదే పుస్తకంలో సామాన్ల కొలతలూ రాసుకోవాలి. బియ్యం డ్రమ్ము, గ్రైండరు, పెద్ద కుక్కరు, ఇడ్లీ పాత్ర, ఆవకాయ జాడీ... టేపుతో అన్నిటి ఎత్తూ వెడల్పూ చూడండి. అర కట్టాక జాడీ పట్టకపోతే మళ్లీ అది మంచం కిందికే పోతుంది! బాగున్నవాటికీ ఓ పేజీ కేటాయించండి. చెక్కుచెదరని గచ్చునీ, తుప్పు పట్టని స్టీలు సింకునీ మార్చక్కర్లేదు.

వంటిల్లు చిన్నదని దిగులొద్దు. 1926లో మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఇళ్ల కోసం రూపొందించిన వంటగది 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవే ఉండేది. వండేవారు ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కగట్టి వస్తువులన్నీ చేతికందేలా అమర్చారామె. ఈనాటి మాడ్యులర్ కిచెన్లకి అదే అమ్మమ్మ! సింకు, పొయ్యి, ఫ్రిజ్... ఈ మూడింటి మధ్య అడ్డంకి లేకుండా ఉంటే చిన్న గదిలోనే శ్రమ తగ్గుతుంది.

వీటిని కదపొద్దు

డబ్బు మిగలాలంటే మొదట తేల్చుకోవాల్సింది ఏమేం చేయకూడదన్నదే. సింకుని ఈ గోడ నుంచి ఆ గోడకి మార్చాలంటే నీళ్ల పైపుతోపాటు మురుగు పైపునీ వాలు చూసి కొత్తగా వేయాలి. గచ్చు తవ్వాలి. సింకు ఉన్నచోటే ఉంటే ఆ ఖర్చంతా మిగులుతుంది. గది పెద్దగా కనిపించాలని గోడ తీయించేముందు ఇంజినీరుకి చూపించాలి. పాత ఇళ్లలో చాలా గోడలు పైకప్పు బరువుని మోస్తుంటాయి. అపార్ట్‌మెంటు అయితే సంఘం అనుమతి తప్పనిసరి. నీళ్లు కిందింటివాళ్ల స్లాబులోకి దిగితే ఆ మరమ్మతు ఖర్చూ మన నెత్తినే పడుతుంది.

పొయ్యి ఆగ్నేయంలో ఉండాలి, తూర్పుముఖంగా వండాలి అని వాస్తు చూసుకునే ఇళ్లలో ఆ సంగతేదో కాగితం మీద గీత గీసేటప్పుడే మాట్లాడుకోవాలి. గట్టు కట్టాక పెద్దాయన వచ్చి 'ఇక్కడ కాదు' అంటే కూల్చేది మన డబ్బే.

లక్షన్నరని పంచితే...

చేతిలో లక్షా యాభై వేలున్నాయనుకుందాం. అందులో 20 వేలు ముందే పక్కన పెట్టేయాలి. గోడ తవ్వాక ఏం బయటపడుతుందో ఎవరికి తెలుసు! పాత గట్టు కూల్చి చెత్త ఎత్తించడానికీ సామాను రవాణాకీ 10 వేలు. పైపులు, వైరింగుకి 35 వేలు. గట్టు, సింకు, టైల్సుకి 35 వేలు. ఎగ్జాస్ట్ ఫ్యాను, లైట్లు, సున్నానికి 15 వేలు. మిగిలిన 35 వేలు అలమరలకి. ధరలు ఊరినిబట్టి మారతాయి కాబట్టి ఈ అంకెలు అందరికీ సరిపోవు. కానీ ఎంత డబ్బున్నా ముందు విడదీసి, ఒక ఖాతాలోది మరో ఖాతాకి పోకుండా చూసుకుంటే చివర్లో చేబదులు కోసం పరుగెత్తక్కర్లేదు.

టైల్సు దగ్గరే ఎంత తేడా వస్తుందో చూడండి. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పున్న వంటింట్లో రెండు గోడల వెంట గట్టు ఉందనుకుందాం. గోడల కొలత మొత్తం 18 అడుగులు. గట్టు మీద 2 అడుగుల ఎత్తు వరకే టైల్సు వేస్తే 36 చదరపు అడుగులు. కప్పు దాకా అంటే మరో 5 అడుగులు కలిపి 7 అడుగుల ఎత్తు వేస్తే 126 చదరపు అడుగులు. సరిగ్గా మూడున్నర రెట్లు! పొయ్యి వెనక మాత్రం కాస్త ఎత్తుగా వేయించి, మిగతా గోడకి కడగడానికి వీలైన రంగు వేస్తే చాలు. ముక్కలు విరుగుతాయి కాబట్టి కొలత కన్నా పదో వంతు ఎక్కువ కొనండి.

గోడ మూసేముందు

ఇక గోడల్లోపలి సంగతి. ఇండక్షన్ పొయ్యి 2,000 వాట్లదైతే దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల ప్లగ్గుకి తగిలిస్తే వైరు కాలుతుంది. ఇండక్షన్‌కీ ఓవెన్‌కీ 16 ఆంపియర్ల ప్లగ్గులు, వాటికి విడిగా మందపాటి వైరు వేయించాలి. మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్, నీళ్ల ఫిల్టరుకి ఎవరి ప్లగ్గు వారికే ఉండాలి. సింకుకి దూరంగా ఉండాలి. తడిచేత్తో ముట్టుకునే చోటు కదా... కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి.

కొత్త పైపులకి టైల్సు వేయకముందే నీళ్లు వదిలి ఓ రోజంతా చూడాలి. సింకు కింద గొట్టానికి వంపు ఉండేలా అమర్చాలి. ఆ వంపులో నిలిచే నీళ్లే మురుగు వాసననీ బొద్దింకలనీ అడ్డుకుంటాయి. గోడ మూసేముందు పైపులూ వైర్లూ కనిపించేలా సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీసిపెట్టుకోండి. రేపు మేకు కొట్టాలన్నా డ్రిల్లింగ్ చేయాలన్నా అవే మ్యాపు.

పోపు ఘాటు బయటికి పోవడానికి చిమ్నీయే అక్కర్లేదు. పొయ్యికి దగ్గర్లో పైన మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను, ఎదుటివైపు నుంచి గాలి వచ్చేలా కిటికీ ఉంటే చాలావరకూ సరిపోతుంది. చిమ్నీకి ప్లగ్గూ గోడలో గొట్టం దారీ ఇప్పుడే వదిలిపెడితే తరవాత డబ్బున్నప్పుడు కొనుక్కోవచ్చు.

గట్టు ఎవరి ఎత్తుకి?

మేస్త్రీ సాధారణంగా అన్ని ఇళ్లకీ ఒకే కొలత వేస్తాడు. కానీ రోజుకి మూడు నాలుగు గంటలు గట్టు ముందు నిల్చునే మనిషి ఎత్తుని మాత్రం ఎవరూ అడగరు! గట్టు పొట్టిదైతే నడుం వంగుతుంది, ఎత్తయితే భుజాలు లాగుతాయి. కొలవడం చాలా తేలిక. నిటారుగా నిలబడి మోచేతిని మడవాలి. నేల నుంచి మోచేతి దాకా ఎంతుందో చూసి 4 నుంచి 6 అంగుళాలు తగ్గిస్తే అదే మీ గట్టు ఎత్తు. అయిదడుగులకి అటూ ఇటూగా ఉండే మహిళలకి ఇది తరచూ 32 నుంచి 34 అంగుళాలు వస్తుంది. స్టవ్వు మరికొన్ని అంగుళాలు ఎత్తు పెంచుతుంది కాబట్టి కొత్తగా కట్టేటప్పుడు దాని కింది భాగాన్ని కాస్త దించమనండి. అత్తాకోడళ్ల ఎత్తుల్లో తేడా ఉంటే ఎక్కువసేపు వండేవారి కొలతే తీసుకోవాలి. గట్టు కింద అడుగున 3, 4 అంగుళాలు లోపలికి ఖాళీ వదిలితే పాదాలు పట్టి, ముందుకు వాలకుండా నిల్చోవచ్చు.

పైన వేసే రాయికి మనం వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీకీ, కరీంనగర్ టాన్ బ్రౌన్‌కీ పుట్టిళ్లు మన నేలే. చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికినా గ్రానైటు చెక్కుచెదరదు. కడప బండ, తాండూరు బండ సున్నపురాయి జాతివి. పులుపు తగిలితే మచ్చ పడుతుంది. కాబట్టి గట్టు పైన గ్రానైటు, కింద అరలకి కడప బండ వేసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, చెదల భయమూ ఉండదు. గ్రానైటు దుకాణాల్లో పెద్ద పనుల్లో మిగిలిన ముక్కలూ ఉంటాయి. మన కొలతకి సరిపోయేవి ఉన్నాయేమో ముందు అడగండి.

అలమరలు... అన్నీ ఇప్పుడే వద్దు

అలమర ఖర్చు చెక్కతోనే ఆగదు. సొరుగులకి వేసే చానెళ్లు, కీళ్లు, స్టీలు బుట్టలు బిల్లుని పెంచేస్తాయి. అందుకే సొరుగులు మూడు చాలు. చెంచాలూ పోపు సామాన్లకి ఒకటి, గిన్నెలకి ఒకటి, బరువైన పాత్రలకి ఒకటి. మిగతాచోట బండ అరలు ఉండనివ్వండి. వాటికి తలుపులు తరవాతయినా పెట్టించుకోవచ్చు. ప్లైవుడ్ కొంటే నీటిని తట్టుకునే రకానికి ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూడాలి. చెక్కపొట్టుతో చేసే పార్టికల్ బోర్డు చవకే కానీ తడిస్తే ఉబ్బుతుంది. సింకు కింద మాత్రం ఏ చెక్కా పెట్టకుండా ఖాళీగా వదిలేయడమే మేలు.

ముగ్గురి దగ్గర అంచనాలు తీసుకోండి. ఇక్కడే ఓ తిరకాసుంది. ఒకరు గట్టు పొడవుని అడుగుల్లో లెక్క చెబితే, మరొకరు తలుపుల వైశాల్యాన్ని చదరపు అడుగుల్లో చెబుతారు. ఒకరు కూలీ మాత్రమే, ఇంకొకరు సామానుతో కలిపి చెబుతారు. అడుగుకి ఎంతన్నది చూసి 'ఇతనే చవక' అనుకుంటే చివర్లో కళ్లు తిరుగుతాయి. పని మొత్తానికి ఎంత, జీఎస్టీ కలిపా విడిగానా, ఏ కంపెనీ చెక్క, ఎన్ని రోజుల్లో పూర్తి... అన్నీ కాగితం మీద రాయించుకోవాలి. డబ్బు పని అయినంత మేరకే ఇస్తూ, చివరి వాయిదాని కుళాయిలూ ప్లగ్గులూ పరీక్షించాకే ఇవ్వాలి.

అన్నట్టు, పని జరిగినన్నాళ్లూ పొయ్యి ఎక్కడ? ఈ ప్రశ్న మర్చిపోతే మూడు పూటలా హోటల్ బిల్లులే! వరండాలోనో, గాలి బాగా ఆడే మరో గదిలోనో ఓ బల్ల, రెండు బకెట్లు, పది గిన్నెలతో తాత్కాలిక వంటిల్లు సిద్ధం చేసుకున్నాకే గునపం దింపనివ్వండి. పండగలకీ, ఇంట్లో పెళ్లిపనులకీ ముందు ఈ పని మొదలెట్టకపోవడమే మంచిది.

గ్యాస్‌తో రాజీ వద్దు

* సిలిండరుని నిటారుగా, నేల మీదే ఉంచాలి. స్టవ్వు దానికన్నా ఎత్తులో ఉండాలి.
* వంటగ్యాస్ గాలికన్నా బరువైంది. లీకైతే నేలమట్టానికి చేరుతుంది. సిలిండరుని అలమరలో మూసిపెట్టే పనైతే తలుపు అడుగున గాలి పోయే రంధ్రాలు తప్పనిసరి.
* రబ్బరు గొట్టం మీటరున్నరకి మించి పొడవుండకూడదు. అతుకులు వేయకూడదు. సురక్ష గొట్టాన్నయినా అయిదేళ్లకి మార్చాలి.
* స్టవ్వు చోటు మార్చాల్సి వస్తే గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌నే పిలవాలి.
* లీకైందనిపిస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటరు ఆపి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి.

పని పూర్తయ్యాక వంటిల్లు ఎలా ఉందో చూడటానికొచ్చిన చుట్టాల్ని అడక్కండి. ఓ నెలాగి, అందులో వండే మనిషిని అడగండి. 'సాయంత్రానికి నడుం లాగట్లేదు' అన్నారా... పెట్టిన ప్రతి రూపాయీ గిట్టినట్టే!