ఎదురు నడచిన మనియార్డరు

తాండవ జలాశయపు నీరు పారినంతమేర నాతవరం మండలం పచ్చగానే ఉన్నది. మెట్టభూములు మాత్రం ఏటికేడాది ఆకాశంవంక చూచేవే. వాన మొగం చాటేసిన యేడు పడుచువాడు మూట సర్దుకుంటాడు. ఉత్తరాంధ్రకు వలస కొత్త కాదు. ఒకనాడు ఓడలెక్కి బర్మాకు పోయిన కూలీల నోట రంగూను పట్నం 'రంగం' అయినది. 1880లో తపాలాశాఖ మనియార్డరును ప్రవేశపెట్టిన పిమ్మట దూరాన ఉన్న బిడ్డ సంపాదన తల్లి గుమ్మంలోకి రాసాగినది. ఈనాడా పని సెల్‌ఫోను, బ్యాంకు చేస్తున్నవి. దారి ఏదైనా, డబ్బు పట్నంనుండి పల్లెకు నడవటమే వాడుక.

2020లో కరోనా ఆ నడకను తిప్పివేసినది. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌను మొదలుకాగానే కట్టడాలు ఆగినవి, హోటళ్ళ పొయ్యిలు చల్లారినవి. కూలి లేక, గది అద్దెకు గతిలేక చిక్కుబడిన వలసకూలీలకు అనేకచోట్ల ఇంటివారే అప్పోసప్పో చేసి ఎదురు డబ్బు పంపినారు. పేద, మధ్యాదాయ దేశాలకు పరదేశాలనుండి వచ్చే సొమ్ము 20 శాతం తగ్గునని ప్రపంచ బ్యాంకు ఆ ఏప్రిల్‌లో అంచనా కట్టినది; తుదకు తగ్గినది 2 శాతంలోపే. భారతదేశానికి ఆ యేడు సుమారు 8,300 కోట్ల డాలర్లు వచ్చినవి. లెక్క సంతోషకరమే. కాని ఆ లెక్కలో గల్ఫుకు పోయినవాని సంపాదన కనిపించును గాని, హైదరాబాదులో ఇటుకలు మోసేవాని రూపాయి కనిపించదు.

ప్రభుత్వం ఏప్రిల్ నుండి మూడు నెలలపాటు జనధన్ ఖాతాలున్న స్త్రీలకు నెలకు 500 రూపాయలు జమ చేసినది. రద్దీ కాకుండ ఖాతా చివరి అంకెనుబట్టి రోజులు కేటాయించిరి: 0, 1 అంకెలవారికి ఏప్రిల్ 3న, 2, 3 అంకెలవారికి మరునాడు. ఖాతాలో పడిన రూపాయికీ కొంగున ముడిపడిన రూపాయికీ నడుమ ఎంత దూరమున్నదో అప్పుడు తెలిసినది. బస్సులు లేవు. శివారు పల్లెలవారికి బ్యాంకు దగ్గర కాదు. నడచి వెళ్ళినా ఎండలో దూరదూరంగా వరుసలో నిలువవలె.

తపాలా ఉద్యోగులు ఆధార్‌ను బట్టి ఇంటిముంగిటనే సొమ్ము చెల్లించుట ఆ రోజులలో పెద్ద ఊరట. పాత మనియార్డరు బంట్రోతు తిరిగి వచ్చినట్లే. చేతిలో ఫారానికి బదులు వేలిముద్ర యంత్రం. (వేలిముద్రగాడని చదువురానివానిని వెక్కిరించిన లోకం నేడు పండితుని బొటనవేలు కూడా అడుగుచున్నది!) అయితే ఆ యంత్రాన్ని పదిమంది తాకుతారన్న భయం ఒకటి, నాట్లు వేసి, కలుపు తీసి అరిగిన వేళ్ళ గీతలు దానికి అందకపోవుట మరొకటి. అందని పూట, కార్డుమీద బొమ్మ తనదే అయినా, ఖాతాలో డబ్బు తనదే అయినా, ముసలమ్మ వట్టిచేతులతో ఇంట్లోకి పోవలసినదే.