పాత మోటార్‌సైకిలుకి గాలి ఎంత కొట్టాలి?

ఈసారి మోటార్‌సైకిలు గురించి మాట్లాడతానంటే ప్రోగ్రాం వాళ్ళు కాస్త అనుమానంగానే ఒప్పుకున్నారు. నేను మాట్లాడబోయేది టైర్లలో కొట్టే గాలి గురించి కాదు. షాక్ అబ్జార్బర్లలో కొట్టే గాలి గురించి.

నా బండి 1981 నాటి హోండా గోల్డ్‌వింగ్, జీఎల్1100. వయసులో నాకంటే పెద్దది. మేముండే కొలంబస్‌కి ముప్ఫై మైళ్ళ దూరంలో, మేరీస్‌విల్‌లో, హోండా వాళ్ళు 1979లో మోటార్‌సైకిళ్ళ తయారీ మొదలుపెట్టారు. 1980 నుంచి గోల్డ్‌వింగులు కూడా అక్కడ తయారయ్యాయి. 2009లో అక్కడ మోటార్‌సైకిళ్ళు చెయ్యడం ఆపేశారు. పాతబడ్డ బండి కాబట్టి నాకు చవగ్గా దొరికింది.

మా నాన్నగారి బుల్లెట్‌కి వెనక షాకుల దగ్గర మెట్లుండేవి. బరువెక్కువైతే మెకానిక్ స్పానర్ పెట్టి ఒక మెట్టు తిప్పేవాడు, అంతే. ఈ గోల్డ్‌వింగ్‌లో స్ప్రింగులకి తోడు గాలి కూడా బరువు మోస్తుంది. ముందు ఫోర్కుల్లోనూ గాలే, వెనక షాకుల్లోనూ గాలే. వాటికి టైరుకున్నట్టే వాల్వు ఉంటుంది. నన్ను పడేసింది ఆ వాల్వే. టైరు వాల్వులా కనిపించింది కదా అని టైరుకి కొట్టినట్టే కొట్టాను.

నాలుగేళ్ళ కిందట ఒక శనివారం మా ఆవిడని ఎక్కించుకుని గుడికి బయల్దేరాను. ముందు భాగం మెత్తగా ఉందనిపించి దారిలో గ్యాస్ స్టేషన్‌లో ఆగి, కంప్రెసర్ గొట్టం పెట్టి ఒక్క నొక్కు నొక్కాను. రెండు మైళ్ళు వెళ్ళాక సిగ్నల్ దగ్గర బ్రేకు పట్టుకుంటే బండి ఆగలేదు. వెనక బ్రేకు తొక్కి, కూడలిలోకి సగం దూరాక ఆపగలిగాను. మా ముందు నుంచి ఒక ట్రక్కు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. దిగి చూస్తే ఫోర్కు ఆయిల్ సీలు తన్నేసి, నూనె బ్రేకు డిస్కు మీదికి కారుతోంది. మా ఆవిడ ఏమీ అనలేదు. ఫోన్ చేసి స్నేహితురాలి కారులో ఇంటికి వెళ్ళిపోయింది. సీళ్ళతో పాటు నూనె పీల్చిన బ్రేకు ప్యాడ్లు కూడా మార్చాల్సి వచ్చింది.

తప్పెక్కడ జరిగిందంటే, కారు టైరులో ఒకటి రెండు బిందెల గాలి పడితే, ఫోర్కులో ఖాళీ ఒక టీ గ్లాసుడు. నూరు పౌండ్లు దాటిన కంప్రెసర్ గాలి ఆ గ్లాసుని నింపడానికి రెప్పపాటు చాలు. పైగా ఆ గాలి అలాగే కూర్చోదు. గేజి 15 చూపిస్తోందంటే, బయటి వాతావరణ పీడనం మరో 15 కలుపుకుని లోపల 30 ఉన్నట్టు. గుంతలో పడి ఫోర్కు ముడుచుకుని గాలి సగం జాగాలోకి కుదించుకుపోతే 30 కాస్తా 60 అవుతుంది. గేజి లెక్కలో 45. నిలబెట్టిన బండిలోనే ఎక్కువ కొట్టేస్తే, గుంతలో పడినప్పుడు సీలు మీద భారం ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

కాబట్టి చేతిపంపే వాడాలి. కొండల్లో తిరిగే సైకిళ్ళ షాకులకి గేజితో సహా చిన్న పంపు అమ్ముతారు, అది చాలు. ఇంజను, షాకులు చల్లగా ఉండగా బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి కొట్టండి. పంపు బిగించి ఉండగానే అంకె చూసుకోవాలి. తీసేసి, అనుమానమొచ్చి మళ్ళీ బిగిస్తే ఉన్న గాలిలో కొంత పంపు గొట్టంలోకి వెళ్ళి అంకె తక్కువ చూపిస్తుంది. లీకేమో అని నేను ఒక సాయంత్రమంతా సబ్బు నీళ్ళు పూస్తూ కూర్చున్నాను! చలి ప్రభావం కూడా ఉంది. ఎండాకాలంలో ముందు 15 పెడితే, యాభై ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గేసరికి దాదాపు 3 పౌండ్లు తనంతట తనే పడిపోతుంది.

ఎంత కొట్టాలన్నది మాన్యువల్‌లో ఉంటుంది. అందులో ఇచ్చిన గరిష్ఠం దాటొద్దు. ఆ హద్దుల్లోపల మీ బరువుకి ఏది సరిపోతుందో టేపుతో తెలుస్తుంది. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఫోర్కు పొడవు కొలవండి, మీరు కూర్చున్నాక మళ్ళీ కొలవండి. మొత్తం కదలికలో పావు నుంచి మూడోవంతు దాకా కుంగితే సరిపోయినట్టు. మా బండికి ముందు 15, వెనక ఒక్కడినే అయితే 30, ఇద్దరమైతే 40 కుదిరాయి. ఇద్దరెక్కినా వెనక పెంచకపోతే తోక కుంగి, హెడ్‌లైటు చెట్ల మీద పడుతుంది. మలుపుల్లో బండి బద్ధకిస్తుంది.

ఈ కొలతకి రెండో మనిషి కావాలి. సీళ్ళు మార్చిన నెలకి మా ఆవిడే టేపు పట్టుకుంది. తన బరువు మాత్రం చెప్పలేదు, కూర్చుంటాను కొలుచుకోమంది. మర్నాడు పొద్దున తెల్ల టిష్యూ కాగితంతో ఫోర్కు గొట్టాలు రెండూ తుడిచి చూపించాను, నూనె మరకలేదు. అప్పుడు హెల్మెట్ తెచ్చుకుంది.