చదివింపుల పుస్తకంలో లేని బంధుత్వం



 

పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే కోటబొమ్మాళి, టెక్కలి, పలాస ప్రాంతాలలోని మన ఇళ్ళకు శుభలేఖలు అందుతాయి. కొన్నింటి మీది పేర్లు ఎవరివో ఇంటి పెద్దలను అడిగితే తప్ప తెలియదు. నానమ్మ చెల్లెలి మనవరాలని ఒకరు, తాతగారి మేనమామ వైపు వారని మరొకరు చెబుతారు. వెంటనే మనకు కలిగే ప్రశ్న ఒక్కటే: ఎంత చదివించాలి? పాత పుస్తకం తీసి, మన ఇంటి శుభకార్యానికి వారు వ్రాయించిన అంకె వెతుకుతాము. వారి పేరు లేకుంటే ప్రయాణమే మానుకుంటాము. చేతిలో డబ్బు ఆడని కుటుంబమైతే, పేరు ఉన్నందుకే మానుకుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసిన తరువాత, ఆ తోటలనే నమ్ముకున్న వారికి నూటపదహార్లు ఎంత బరువో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక ధర్మసూక్ష్మం ఉంది. దివ్య ఖుర్‌ఆన్ అర్‌రూమ్ సూరా 39వ ఆయతు, ఇతరుల సొమ్ములో కలిసి పెరగాలని ఇచ్చేది అల్లాహ్ వద్ద పెరగదని తెలుపుతుంది. అంతకంటే ఎక్కువ తిరిగి వస్తుందన్న ఆశతో ఇచ్చే కానుక గురించే ఈ మాట అని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) మొదలైన వ్యాఖ్యాతలు వివరించారు. అలా ఇవ్వడం నిషిద్ధం కాకున్నా, దానికి పుణ్యం లేదు. ఉత్తర భారతంలో న్యోతా అనే ఇదే ఆచారాన్ని మౌలానా అష్రఫ్ అలీ థానవీ తీవ్రంగా విమర్శించారు. పేరుకు కానుక, నడతకు అప్పు కావడమే అందులోని చిక్కు.

ప్రవక్త (స) కాలంలో పెళ్ళి కానుక ఎలా ఉండేది? హజ్రత్ జైనబ్ (రజి) తో వివాహమైనప్పుడు ఉమ్మె సులైమ్ (రజి) ఖర్జూరం, నెయ్యి, ఎండబెట్టిన పెరుగు కలిపి ‘హైస్’ అనే వంటకం చేసి, కుమారుడు అనస్ (రజి) చేత పంపారు. మా తరఫున ఇది కొద్దిపాటిదేనని చెప్పమన్నారు. ప్రవక్త (స) దానిని స్వీకరించి, పేర్లు చెప్పిన వారినే కాక దారిలో ఎదురైన వారందరినీ పిలుచుకు రమ్మన్నారు. సుమారు మూడు వందల మంది భుజించారు. ఎవరు ఏమి తెచ్చారని అక్కడ ఎవరూ వ్రాసుకోలేదు; మైకులో చదవలేదు సరికదా!

బంధుత్వం నిలుపుకోవడానికి మీ వంశావళి తెలుసుకోండని ప్రవక్త (స) ఆదేశించినట్లు తిర్మిజీ గ్రంథంలో ఉంది. కాబట్టి తెలియని బంధువు ఇంటికి వెళ్ళినప్పుడు మొదట ఇవ్వవలసినది పరిచయం. ఫలానా వారి మనవడిని, ఫలానా వైపు నుండి మీకు చుట్టమని పెద్దలకు సలాం చేసి చెప్పాలి. ఆ తరువాత స్తోమతను బట్టి ఒక చీర, ఒక గిన్నె, లేదా కవరులో కొంత డబ్బు ఇవ్వవచ్చు. నూటపదహారులోని పదహారుకు షరీఅతులో ప్రత్యేక శుభమేమీ లేదు. వంద ఇచ్చినా వందే. ఏమీ లేకుంటే నూతన దంపతులకు బర్కత్ కోసం దుఆ చేసి భోజనానికి కూర్చోవాలి. వలీమా పిలుపును మన్నించడానికి కానుక షరతు కాదు. కానుక కోసం వడ్డీకి అప్పు తేవడం మాత్రం స్పష్టంగా హరామ్.

పిలిచినవారికీ ఒక బాధ్యత ఉంది. పుస్తకం పట్టుకుని ద్వారం వద్ద మనిషిని కూర్చోబెడితే, వట్టి చేతులతో వచ్చిన పేద బంధువు అక్కడి నుండే వెనుదిరుగుతాడు. వధూవరులకు వచ్చిన కానుకల జాబితా ఉంచాలని 1985 నాటి వరకట్న నిషేధ నియమాలు చెబుతున్నాయి కదా అని కొందరు అంటారు. నిజమే, ఆ జాబితాలో వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధువైతే ఆ బంధుత్వం ఉండాలి. కానీ అది కట్నాన్ని అరికట్టే చట్టం కింద వచ్చినది; బంధువుల నుండి బాకీ వసూలుకు కాదు. దానిని పెళ్ళి ముగిశాక ఇంట్లో నెమ్మదిగా వ్రాసుకోవచ్చు.

ఇక ఇప్పటికే పుస్తకంలో ఉన్న పాత అంకెల సంగతి. ఇరుపక్షాలూ తిరిగి ఇవ్వాలనే ఉద్దేశంతోనే ఇచ్చి పుచ్చుకుని ఉంటే, అది అప్పుగానే లెక్క అని ఉలమాలు తెలిపారు. ఇచ్చినవారు జీవించి ఉంటే వారికి చెల్లించాలి, లేదా వారు మనసారా మాఫీ చేయాలి. మరణించి ఉంటే అది వారి వారసుల హక్కు. ఆ బాకీని తీర్చడానికి వారి ఇంట మరో పెళ్ళి జరిగేదాకా ఆగనక్కరలేదు.