36 శాతమంటే ఎంతమంది?

విశాఖ కేజీహెచ్ చుట్టుపక్కల, మహారాణిపేటలో సాయంత్రం ఏ క్లినిక్‌కి వెళ్లినా రోగుల పక్కనే బ్యాగులతో మెడికల్ రెప్‌లు కనిపిస్తారు. వాళ్లు డాక్టరుగారికి చూపించే రంగుల కరపత్రాలు మందుల ప్రకటనలే.

వాటితో మనకేం పని? బీపీ, షుగర్, గుండెజబ్బుల మందుల గురించి జనానికి ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. డాక్టర్లకు మాత్రమే గోప్యంగా పంపేవాటికి మినహాయింపు ఉంది. అంటే ప్రకటన చదివేది డాక్టరు, మాత్ర కొని మింగేది మనం.

ఆ కరపత్రాల్లోని అంకెలు అబద్ధాలా? చాలాసార్లు కావు, సగం లెక్కలు. కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ మీద 2003లో వచ్చిన అస్కాట్ పరిశోధననే చూడండి. బీపీతోపాటు మరికొన్ని ముప్పులున్న 10,305 మందిని సుమారు 3.3 ఏళ్లు గమనించారు. గుండెపోటు, గుండెజబ్బు మరణాలు 36 శాతం తగ్గాయి. నిజమే. కానీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 5,137 మందిలో ఆ ముప్పు 154 మందికి వస్తే, మందు వాడిన 5,168 మందిలో 100 మందికి వచ్చింది.

మన లెక్కలో చెప్పాలంటే, పెళ్లి బంతిలో అలాంటివాళ్లు వంద మంది కూర్చున్నారనుకోండి. మాత్ర లేకపోతే ముగ్గురికి ముప్పు, ఉంటే ఇద్దరికి. వందలో ఒకరికి మేలు. ‘36 శాతం’ చెప్పేదీ ‘వందలో ఒకరు’ చెప్పేదీ ఒకే ఫలితం. మొదటిది సాపేక్ష తగ్గుదల, అంటే ఉన్న ముప్పులో ఎంత వంతు తగ్గిందో చెప్పేది. రెండోది అసలు తగ్గుదల.

కరపత్రం అడుగున పరిశోధనల పేర్లుంటాయి కదా? స్పెయిన్ వైద్య పత్రికల్లోని బీపీ, కొలెస్ట్రాల్ మందుల ప్రకటనలను కొందరు పరిశోధకులు తనిఖీ చేసి, 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించారు. దొరికిన 102 ఆధారాలను చదివితే, 45 చోట్ల ప్రకటన చెప్పిన మాటకు ఆ పరిశోధనలో మద్దతు లేదు. ఎక్కువగా జరిగిందేమిటంటే, ఒక రకం రోగుల్లో తేలిన ఫలితాన్ని వేరే రోగులకు అంటగట్టడం.

మన దగ్గర నిబంధనలు లేవా? కేంద్రం 2024 మార్చిలో ఫార్మా మార్కెటింగ్ నియమావళి తెచ్చింది. దాని ప్రకారం వివరణ లేకుండా ‘సురక్షితం’ అనకూడదు. దుష్ఫలితాలే లేవనకూడదు. మార్కెట్‌లోకి వచ్చి ఏడాది దాటిన మందును ‘కొత్తది’ అనకూడదు. డాక్టర్లకు బహుమతులివ్వకూడదు.

అయితే మందు మానేయాలా? వద్దు. ఇప్పటికే గుండెపోటు వచ్చినవారికి ముప్పు ఎక్కువ కాబట్టి అటోర్వాస్టాటిన్‌తో మేలూ ఎక్కువే. సొంతంగా ఏదీ ఆపకండి. డాక్టరుగారిని ఒక్క మాట అడగండి: ‘నాలాంటి వంద మందిలో ఈ మందు ఎంతమందికి పనిచేస్తుంది, ఎంతకాలానికి?’ అడిగే హక్కు మీకుంది.